పన్నెండో ఫొటోలో చిరుతపులి

శనివారం, జురాంగ్ ఈస్ట్, సింగపూర్

కాదు అల్లుడుగారూ, మీరన్నట్టు ఆ రోజు నేను కునుకూ తీయలేదు, కలా కనలేదు. ఆఫ్రికాలో మన సఫారీ లాడ్జి ఎదుట ఉన్న నీటిగుంటకు చిరుతపులి నిజంగానే వచ్చింది. ఇవాళ రీలు కడిగించి తెచ్చారు. పన్నెండో ఫొటోలో తోకతో సహా ఉంది.

మోకాళ్ల నొప్పులని నన్ను లాడ్జి వరండాలో వదిలేసి, అమ్మాయీ వాళ్లు జీపులో నాలుగు గంటలు తిరిగి, కొత్త డిజిటల్ కెమెరా నిండా దుమ్ము పట్టుకొచ్చారు. నా ఎదుటేమో జింకలన్నీ నీళ్లు తాగడం మానేసి ఒకే పొదవైపు చూస్తున్నాయి. ముప్ఫై ఏళ్లు జువాలజీ పాఠం చెప్పినదాన్ని, నాకు వేరే కబురు కావాలా? నా పాత రీలు కెమెరా అందుకున్నాను.

"అమ్మమ్మా, రియల్ లెపర్డ్ లా!" అని మనవరాలు ఇక్కడి యాసలో అరుస్తూ గెంతింది. అల్లుడు ఫొటోను ట్యూబ్‌లైటు కిందకు పట్టుకెళ్లి చాలాసేపు చూసి, "అత్తయ్యగారూ, కాఫీ కలపమంటారా?" అన్నాడు. సాఫ్ట్‌వేర్ వాళ్లు తప్పు ఒప్పుకునే పద్ధతి అదే కాబోలు. రెండు కప్పులు తాగాను.

ఒక్కటే గుబులు. ఆ గుంటను లాడ్జివాళ్లు మోటారుతో నింపుతారట. అతిథులు రాని ఏడు ఆ చిరుత నీళ్లు ఎక్కడ తాగుతుందో...

రేపు నెగటివ్ ఇచ్చి పెద్ద ప్రింటు వేయించాలి. టీవీ పైన గోడ కొలత రాసుకోవాలి. మేకు మాత్రం అల్లుడి చేతే కొట్టించాలి.