డ్రైవర్‌సాబ్‌కు ఒక్కటే ప్రాణం

తాతా,

ఎట్లున్నవు? నువ్వు పోయి నేటికి రెండు నెలల పదకొండు రోజులు. సీతాఫల్‌మండిలో ఇల్లు ఇల్లులాగే ఉంది. సాయంత్రం లోకల్ రైలు హారన్ వినబడితే నాన్న ఇంకా నీ కుర్చీ వైపు చూస్తాడు, టైముకొచ్చిందా లేదా నువ్వు తీర్పు చెప్తావేమోనని.

ఇది ఉత్తరం కాదు, అధికారిక నివేదిక. "ఏం జరిగినా రాసియ్యాలె బిడ్డా. దాస్తే నౌకరి పోతది" అనేవాడివి కదా. నాకు నౌకరీ లేదు, పోయేదేమీ లేదు. అయినా రాసిస్తున్నా.

విషయం: మన డ్రైవర్‌సాబ్.

డిగ్రీ చేతికొచ్చి, ఉద్యోగం చేతికి రాక, నేను ఇంట్లో కూర్చుని ఆడే ఆన్‌లైన్ ఆటలోకి నువ్వెట్లా దూరావో నాకిప్పటికీ అర్థం కాదు. వేలమంది తిరిగే ఆ మాయలోకంలో నేను ఒక్కదాన్నే తిరిగేదాన్ని. ఎవరు జట్టుకి పిలిచినా 'వద్దు' నొక్కేదాన్ని. ఆ ఒంటరితనమే నాకు హాయి. నువ్వు వెనకాల నిలబడి చూసి చూసి, "గింతమంది ఉన్న ఊర్ల ఒక్కదానివే తిరుగుతవేందే, సింగిల్ లైను దానా!" అన్నావు. ఒంటి పట్టాల రైలుదారి పేరే నాకు ఖాయమైంది. ఆ మర్నాడే కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నావు.

ముప్పై ఏళ్లు రైలింజను నడిపిన మనిషివి. రిటైరయ్యాక చూడటానికి ఒక కిటికీ కావాలి కదా... నా తెర దొరికింది.

'ఒక్కటే ప్రాణం' పద్ధతిలో ఆడదామన్నది నువ్వే. అందులో మన వీరుడు ఒక్కసారి చస్తే అంతే, ఇక లేవడు, సంపాదించిందంతా మాయం. నేను భయపడ్డా. "పట్టాలు దిగినంక మళ్ల షురూ జేస్తనంటే ఎవడు ఊకుంటడే?" అన్నావు. పేరూ నువ్వే పెట్టావు. చుట్టూ మాంత్రికులు, రాజకుమారులు, మధ్యలో మన కత్తివీరుడి నెత్తిమీద 'డ్రైవర్‌సాబ్' అని... గల్లీ అంతా నిన్ను పిలిచే పేరు.

ఆ లోకంలో ఊరి నుంచి ఊరికి మంత్రంతో మాయమై తేలొచ్చు. నువ్వు ఒప్పుకోలేదు. "టికెట్ లేకుండ పోవుడేంది?" అని. ఎనిమిది నెలలు డ్రైవర్‌సాబ్ అడవులన్నీ గుర్రమ్మీదే దాటాడు. ప్రతి పల్లె దగ్గరా ఆగాడు, ప్యాసింజర్ బండిలాగ.

ఇక సిగ్నళ్లు. ఇంజనులో డ్రైవరూ అసిస్టెంటూ ఇద్దరుంటారనీ, సిగ్నలు కనబడగానే ఒకరు చెయ్యెత్తి రంగు పైకి చెప్పాలనీ, రెండోవాళ్లు తిప్పి చెప్పాలనీ నేర్పావు. "వాడన్నడని అనుడు గాదు. నువ్వు సుత జూసి అనాలె." మనమూ అట్లాగే ఆడాం. రాక్షసుడి కళ్లు ఎర్రబడితే నువ్వు "ఎర్ర" అనేవాడివి, నేను చెయ్యెత్తి "ఎర్ర" అనేదాన్ని. నీ పక్కన డ్రైవర్‌సాబ్ ఒక్కసారి కూడా చావు దాకా పోలేదు.

ఆ రోజు చివరి కోటలో, డ్రాగన్ ఉన్న గది తలుపు ముందు డ్రైవర్‌సాబ్‌ను నిలబెట్టి, "ఇయ్యాల్టికి డ్యూటీ ఖతం, రేపు జూద్దాం" అని లేచావు. రేపటికి నువ్వు ఆస్పత్రిలో ఉన్నావు. ఎల్లుండికి...

రెండు నెలలు ఆట తెరవలేదు. వాడు చస్తే? మన ఎనిమిది నెలలూ ఒక్క మంటలో పోతాయి. తెరవకపోతే ఆ తలుపు ముందే నిలబడి ఉంటాడు, సిగ్నలు దొరకని బండిలాగ. ఏది నయం తాతా? నిన్నే కదా అడగాల్సింది...

నానమ్మ సంగతి కూడా రాయాలి. నువ్వు పోయాక ఆమె తిట్టడం మానేసింది. ఏమడిగినా ఆఁ, ఊఁ. ఇంట్లో ఇంత శాంతి మాకెవరికీ అలవాటు లేదు. పరేషానై నాన్న కావాలనే తడి తువ్వాలు మంచమ్మీద పడేశాడు. తీసి ఆరేసింది తాతా. ఒక్క మాటనకుండా!

మొన్న ఆదివారం మధ్యాహ్నం తెగించి తెరిచా. నానమ్మ వెనకాల మంచమ్మీద మెంతికూర తెంపుతోంది. నీ కుర్చీ పక్కనే, ఖాళీగా. తలుపు తోశా.

డ్రాగన్ గొంతు కింద ఒక తిత్తి వెలుగుతుంటుంది. పచ్చగా ఉంటే కొట్టొచ్చు. పసుపైతే జాగ్రత్తపడాలి. ఎర్రబడితే స్తంభం చాటుకు పోవాలి, లేకపోతే బూడిదే.

"పచ్చ" అన్నా, చెయ్యెత్తి. నీ జవాబు కోసం ఆగా... అలవాటు. డ్రాగన్‌కు మన అలవాట్లు తెలియవు కదా, తోకతో ఒక్కటిచ్చింది. పావు ప్రాణం పోయింది.

"పసుపు" అన్నా. మళ్లీ ఆగా. మళ్లీ దెబ్బ. వెనక్కి పారిపోదామంటే తలుపు మూసుకుపోయింది. కొట్టా, దూకా, కొట్టా. డ్రైవర్‌సాబ్‌కు సగం ప్రాణం కన్నా తక్కువ. డ్రాగన్‌కు ఇంకా తక్కువ.

ఇక్కడ ఒక నేరం ఒప్పుకోవాలి. ఈ ఎనిమిది నెలల్లో నువ్వు "ఎర్ర" అంటే నేను "ఎర్ర" అన్నానే కానీ... ఒక్కసారీ చూసి అనలేదు తాతా. నా కళ్లెప్పుడూ శత్రువు ప్రాణం చూపించే ఆ గీత మీదే. రంగు నువ్వు చూస్తున్నావు కదా అని. నీకు తెలుసా ఈ సంగతి? తెలిసే ఊరుకున్నావా?

ఆ గీత గోరంత మిగిలింది. ఇంకో రెండు దెబ్బలంతే. "పచ్చ!" అని అరిచి ముందుకురికా. గీతనే చూస్తూ.

"ఎర్రగున్నదే! కండ్లు నెత్తికెక్కినయా? ఆగు!"

బుర్ర కన్నా ముందు వేళ్లు విన్నాయి. స్తంభం చాటుకు దూకా. తెరంతా మంట. మంట తగ్గాక చూస్తే డ్రైవర్‌సాబ్ బతికే ఉన్నాడు... ఎంత ప్రాణంతోనో చెప్తే నీకు బీపీ లేస్తుంది.

నానమ్మ మంచం దిగి నా వెనకాల నిలబడి ఉంది, చేతిలో మెంతికూర కాడతో. ఇదెట్లా అని అడిగే టైం లేదు.

"పసుపు," అంది. ఇద్దరం ఆగాం. "ఇగ పచ్చ. ఊకె నేనన్నని అనకు, జూసి జెప్పు."

చూశా. మొదటిసారి. "పచ్చ" అన్నా, చెయ్యెత్తి.

రెండు దెబ్బలు. డ్రాగన్ కూలింది.

నానమ్మ నీ కుర్చీలో కూలబడింది. నువ్వు నిద్రలో సుత సిగ్నళ్లు అరిచేవాడివట. జవాబియ్యకపోతే లేచి కూర్చునేవాడివట. "ముప్పై ఏండ్లు పక్కమీద నేనే ఆయన అసిస్టెంటును," అంది. తర్వాత, మెంతికూరంతా నేలపాలైందనీ, నా పామూ (డ్రాగన్ ఆమెకు పామే) నేనూ కలిసి ఎత్తిపెట్టాలనీ, ఉద్యోగం సద్యోగం లేదనీ పది నిమిషాలు దంచింది. నాన్న వంటింట్లోంచి వచ్చి గుమ్మంలో నిలబడి విన్నాడు, పాట వింటున్నట్టు.

తెర మీద బంగారు అక్షరాల్లో బిరుదొచ్చింది: 'ఎవరి తోడూ లేక గెలిచిన వీరుడు'. ఇది తప్పుడు నమోదు అని ఈ నివేదికలో విన్నవించుకుంటున్నా.

డ్రైవర్‌సాబ్ ఇప్పుడు కోట నుంచి ఊరికి తిరిగొస్తున్నాడు. గుర్రమ్మీదే, టికెట్ ఉన్న మనిషిలాగ. ఇంకెన్ని స్టేషన్లే అని నానమ్మ రోజూ తిడుతోంది. కుర్చీ మాత్రం వదలట్లేదు.

ఇకనుంచి చూసే చెప్తా తాతా. ఒట్టు.

నీ సింగిల్ లైను