డ్రయ్యరు గొట్టాల కార్డు

కర్జకాన్ క్యాంపు
జనవరి 10

సనాబిస్‌లో ఇంటిపనికి ఉన్న సత్యకుమారికి, అరగంట దూరంలోనే ఉన్న నీ మొగుడు పేరయ్య రాసేది.

నీ ఫోను మీ మేడం బీరువాలో ఉన్నంతకాలం మనకి ఉత్తరాలే గతి. శుక్రవారం ఆవిడ ఫోను ఇచ్చే పది నిమిషాలూ మన ఊళ్లో మీ అక్క దగ్గరున్న మన జమునతోనే మాట్లాడు. నాకు ఉత్తరాలు చేరవెయ్యడానికి మీ డ్రైవరు లియాఖత్ భాయ్ ఉన్నాడు. ఆయన గది మా క్యాంపు వెనకే.

సంగతేమిటంటే నాకు పరీక్ష వచ్చిపడింది. ఏదో హోటల్లో బట్టలారబెట్టే డ్రయ్యరు అంటుకుందట. వేడిగాలి బయటికి పోయే గొట్టంలో బట్టల నూగు పేరుకుపోయి నిప్పు పుట్టింది. ఆ గొట్టాలు శుభ్రం చేసేవాళ్లకి ఇకమీదట సర్టిఫికెట్ కార్డు ఉండి తీరాలని మా కంపెనీ పట్టుబట్టింది. పదకొండేళ్లుగా అదే పని చేస్తున్నాను. ఆ పని నాకు వచ్చని ఇప్పుడు ఇంకెవరో చెప్పాలట. మనామాలో బంగారం కొట్టు పై అంతస్తులో ఆరు శుక్రవారాలు క్లాసు.

కార్డు వస్తే టెక్నీషియన్ని అవుతాను. క్యాంపు వదిలి బయట గది తీసుకోవచ్చని సూపర్‌వైజరు అన్నాడు. నువ్వూ ఆ గది నుంచే పనికి వెళ్లొచ్చు.

ఇట్లు, పుస్తకం పట్టిన
పేరయ్య

తా.క. టీచరు పేరు నాదియా మేడం. మొదటి రోజే నన్ను ముందుకి పిలిచి ఎల్బో పట్టుకుని చూపించింది. ఎల్బో దగ్గరే వేడంతా ఆగుతుందట. అక్కడ మెల్లగా తిప్పాలట.


సనాబిస్
జనవరి 14

శ్రీవారి పాదాలకి కాదు, మోచేతికి నమస్కారం.

ఎల్బో అంటే మోచెయ్యని నాకు తెలియదనుకున్నారా? మీరు ఏడో తరగతితో ఆపారు గానీ నేను ఇంటర్ పాసయ్యాను. అరగంట దూరంలో ఉండి కూడా మీ మోచెయ్యి నేను చూసి ఏడు నెలలైంది. ఆవిడ మొదటి రోజే పట్టుకుంది. పైగా వేడి ఎక్కడ ఆగుతుందో కూడా చెప్పింది. మీరు సిగ్గులేకుండా నాకే రాశారు.

గది సంగతి చదివి సంతోషించాను. తా.క. చదివాక ఆ గది ఎవరికోసమో అర్థం కాలేదు.

ఇట్లు, పెళ్లిలో మీ చెయ్యి పట్టుకున్న
సత్యకుమారి

తా.క. మా మేడం డ్రయ్యరులో బట్టలు ఆరడానికి రెండు గంటలు పడుతోంది. నేనే ఎక్కువ కుక్కుతున్నానని రోజూ తిట్లు. మీ టీచరమ్మకి తీరిక దొరికితే అడిగి చెప్పండి.


కర్జకాన్
జనవరి 17

అనుమానం సత్యకి,

ఎల్బో అంటే గొట్టం మలుపు తల్లీ. గాలి అక్కడ తిరగలేక నెమ్మదిస్తుంది, నూగు అక్కడే చిక్కుకుంటుంది. నాదియా మేడానికి యాభై రెండేళ్లు. నమ్మకపోతే నన్ను క్లాసు దగ్గర దింపిన లియాఖత్ భాయ్‌ని అడుగు.

మీ డ్రయ్యరుకి వేరే రోగమేమీ లేదు. ముందు ప్లగ్గు తియ్యి. మిషను ముందుకి లాగి వెనక గొట్టం ఊడదియ్యి. చెయ్యి పెట్టి ఉన్నదంతా లాగు. ఆ తిట్లన్నీ నూగుకి చెందాల్సినవి.

ఇట్లు, రెండు చేతులూ నీవే అయిన
పేరయ్య

తా.క. పుస్తకమంతా ఇంగ్లీషు. బొమ్మలు చూసి చదువుతున్నాను. బొమ్మల్లో ఒక్క తప్పు కూడా లేదు.


సనాబిస్
జనవరి 21

యాభై రెండేళ్ల టీచరమ్మ గారి శిష్యుడికి,

లియాఖత్ భాయ్‌ని అడిగాను. "యాభయ్యా? ముప్పై గూడ ఉండయ్ చెల్లె. ఫారాలిచ్చుకుంట నవ్వుతుండె" అన్నాడు. ఇంక మీరేం రాసినా చదవను.

గొట్టం ఊడదీశాను. గొర్రెపిల్లంత నూగు వచ్చింది, అందులో చంటిపిల్ల మేజోడు ఒకటి. ఇప్పుడు నలభై నిమిషాల్లో ఆరిపోతున్నాయి. తిట్టినందుకు మేడం నొచ్చుకోలేదు గానీ, తన నలుగురు అక్కచెల్లెళ్లకీ ఫోన్ చేసి మా పనిమనిషికి ఈ పని వచ్చని చెప్పింది. మగవాళ్లు ఇంట్లోకి రానక్కర్లేకుండా నాకే కార్డు ఇప్పిస్తుందట. రెండు క్లాసులు పోయినా ఫరవాలేదన్నారట. వచ్చే శుక్రవారం మీ పక్కనే కూర్చుంటాను. ఆవిడ వయసు నేనే లెక్కపెడతాను.

ఇట్లు, మీ క్లాసుమేటు
సత్యకుమారి

తా.క. క్లాసుకి పంపుతున్నాను కాబట్టి శుక్రవారం పది నిమిషాల ఫోను ఉండదంది మేడం. జమునకి ఈ సంగతి మీరు చెప్పండి. నాకు నోరు రాలేదు.


కర్జకాన్
మార్చి 3

సత్యకి,

నాలుగు శుక్రవారాలు నీ పక్కన కూర్చున్నాను. పెళ్లయ్యాక మనం అంతసేపు ఒకే బల్ల మీద కూర్చున్నది లేదు. మోకాళ్ల నొప్పితో నాదియా మేడం మెట్లెక్కుతుంటే నువ్వే వెళ్లి చెయ్యి అందించావు. లియాఖత్ భాయ్ చూసింది గుమ్మంలో ఫారాలిచ్చే అమ్మాయిని అని తేలాక నువ్వు నవ్విన నవ్వు చాలు నాకు.

రిజల్టు వచ్చింది. నువ్వు పాసయ్యావు. సంతోషం. ఈ మాట రెండుసార్లు రాశాను, మొదటిసారి సరిగ్గా రాలేదు.

చేత్తో చేసే పరీక్షలో నాకు నూటికి నూరు. కంప్యూటరు పరీక్షలో పాసవడానికి రెండు మార్కులు తగ్గాయి. గొట్టంలో బ్రష్షు రాడ్డు ఎటు తిప్పాలని అడిగింది. ఎడమకి తిప్పితే రాడ్లు ఊడిపోయి గోడలో ఉండిపోతాయి, నాకు తెలియదా? బల్ల కింద చెయ్యి తిప్పి చూసుకున్నాను, కుడికే తిరిగింది. తెర మీద కుడి అన్న మాట లేదు. క్లాక్ అన్న ముక్క కనబడితే టైము గురించేమో అని వదిలేశాను.

మళ్లీ పరీక్ష మూడు నెలలకి. "అప్పటిదాకా ఆగలేం, ఖలాస్" అన్నాడు సూపర్‌వైజరు. బుధవారం టికెట్. జమున దగ్గరికి వెళ్తున్నాను, దానికి రెండు జడలు వెయ్యడం నేర్చుకోవాలి. జడలెయ్యడానికి ఏ కార్డూ అడగరు కదా.

నీ పేరయ్య

తా.క. ఇంత శుభ్రంగా చేసినవాణ్ణి చూడలేదని నాదియా మేడం మెచ్చుకుంది. తర్వాతి బ్యాచ్ కోసం పరీక్ష గొట్టాలన్నీ కడిగిపెట్టమంది. కడిగిపెట్టాను.


మనామా
ఏప్రిల్ 19

జమున నాన్నగారికి,

ఇది విమానంలో వచ్చే ఉత్తరం, నేను అరగంట దూరంలో లేను, అందుకే ముందే కూర్చుని చదవమంటున్నాను.

మీ కంపెనీ నన్ను తీసుకుంది. ఆడ టెక్నీషియన్ అయితే ఇళ్లలోకి రానిస్తారట. కార్డున్న ఆడమనిషి వాళ్లకి నేనొక్కదాన్నే దొరికాను. అక్కచెల్లెళ్ల డ్రయ్యర్లన్నీ ఊరికే చేసిపెట్టాలని మాట తీసుకుని మా మేడం వీసా కాగితాలు మార్చి ఇచ్చింది. ఖాళీ ఒక్కటే ఉంది. అది మీ పాత ఉద్యోగమే. వద్దని చెప్పడానికి నోరు తెరిచాను, సంతకం ఎక్కడ పెట్టాలన్న మాట వచ్చింది. జమున చదువు గుర్తొచ్చింది. కోప్పడాలనుంటే కోప్పడండి.

నిన్న సూపర్‌వైజరు దగ్గర నాకొక హెల్పరు కావాలని అడిగాను. హెల్పరుకి కార్డు అక్కర్లేదట. మీ పేరు చెప్పాను. "వాడు మంచి పనివాడు, పంపించాల్సింది కాదు" అన్నాడు, మీ అంతట మీరే వెళ్లిపోయినట్టు. ఫారం నేనే నింపాను. అనుభవం అన్నచోట పదకొండేళ్లు అని రాశాను. ఆయన అది కొట్టేసి, కార్డు లేని అనుభవం చెల్లదని, 'కొత్త' అని రాశాడు.

వస్తారా? ఆ గొట్టాల ముందు నాకు భయంగా ఉంది. రాకపోయినా నేనేమీ అనుకోను. ఆ మాట కూడా రెండుసార్లు రాశాను.

మీ సత్య

తా.క. డ్యూటీలో హెల్పరు టెక్నీషియన్ని మేడం అని పిలవాలట, రూలు. నాకు అక్కర్లేదని చెప్పాను. రికార్డు కోసం రోజుకి ఒక్కసారైనా అనాలన్నారు. పొద్దున్నే వ్యాను ఎక్కేటప్పుడు అనేయండి, నేను అటు తిరిగి ఉంటాను.