సత్తెమ్మ మెడ స్కానింగు

మంగళవారం, నారాయణపేట

కళ్లు తిరుగుతున్నాయంటే నా భార్య సత్తెమ్మను దవాఖానకు తీసుకుపోయాను. మెడలోని రక్తనాళం గట్టిపడిందేమోనని డాక్టరమ్మ అనుమానం. స్కానింగు బొమ్మలో నాళం గోడ మీద చుక్కలు పెట్టి, గుండె కొట్టుకున్నప్పుడల్లా అవెంత కదులుతున్నాయో కంప్యూటరులో చూసింది. సత్తెమ్మ నోరు తెరిస్తే చాలు, చుక్కలు జారిపోయేవి.

"జరసేపు మాట్లాడకమ్మా."

"మా ఆయన ఎట్లాగూ మాట్లాడడు. నేన్గూడ మాట్లాడకుంటే ఇల్లెట్ల నడుస్తది డాక్టరమ్మా?"

మూడోసారికి ఊపిరి బిగబట్టింది. తెర మీద ఆ గోడ సన్నని తెల్లగీతలా లేచి దిగుతూ కనిపించింది.

"నాళం మంచిగనే సాగుతాంది. కళ్లు తిరగకుండ మందులు వాడి, మూడు నెలలకు మళ్ల రా."

ముప్పై ఏళ్లుగా మగ్గం మీద పడుగు దారాల బిగువు వేలితోనే చూస్తున్నాను. ఇంటికొచ్చాక అట్లాగే రెండు వేళ్లు ఆమె మెడకు ఆనించాను. ఈసారి ఆమె మాట్లాడలేదు.