విరిగిన చోట

చిరంజీవి అబ్బాయికి,

నాన్న ఆశీర్వదించి రాస్తున్నది. ఇక్కడ మేమిద్దరం ఆరోగ్యంగానే ఉన్నాం. క్షేమం అని రాయబోయి కలం ఆపేశాను, ఆ మాట మనింటికి ఇంకా రావడం లేదు. నీకు అక్కడ దుప్పటి సరిపోతోందా? నడుంనొప్పి పూర్తిగా తగ్గిందని రాశావు. నమ్మమంటావా? నొప్పి దాచుకోవడంలో నువ్వు అచ్చం మీ అమ్మ పోలికే.

షెడ్డు నడుస్తోందా అని అడిగావు. నడుస్తోంది. పాతవాళ్ళే బళ్ళు తెస్తున్నారు. కొందరు తాళాలు చేతిలో పెట్టి నా మొహం చూడకుండా వెళ్ళిపోతారు. కొందరు టీ తెప్పించి, పక్కన కూర్చుని, నిట్టూరుస్తారు. మొదటివాళ్ళే నయం, పనన్నా సాగుతుంది.

ఇక తాతయ్య కారు సంగతి. “దాన్ని తుక్కుకి వెయ్యకుండా ఎందుకు బాగుచేస్తున్నావు నాన్నా? అదీ ముందు చక్రాలకి కొత్త సామాను కొనకుండా ఆ పాతదే ఎందుకు గీకుతూ కూర్చున్నావు?” అని రాశావు. నీ బాధ నాకు తెలుసు. నువ్వు నడుపుతుండగా నీ చెల్లెలు, మన పిచ్చుక, అందులో కూర్చుని వెళ్ళింది, మళ్ళీ రాలేదు. ఆ కారు కంట పడకూడదని నీకుంటుంది. అయినా నేను చేసిందేమిటో విను.

ముందు భాగం మొత్తం విప్పేశాను. స్ప్రింగు తీసేటప్పుడు ఎంత ఓపిక కావాలో నీకు తెలుసు. చక్రాన్ని పట్టి ఉంచే ఆర్మ్ కింద జాకీ పెట్టి, కొంచెం కొంచెంగా దించుతూ, దాని బిగువంతా పోయేదాకా ఆగాలి. పై ఆర్మ్‌లు, కింగ్ పిన్‌లు, బోల్టులు అన్నీ కిరోసిన్లో నానబెట్టాను. వైరు బ్రష్షుతో తుప్పు గీకి, కంపెనీవాళ్ళు వేసిన నల్లరంగు బయటపడేదాకా తుడిచాను. రబ్బరు బుష్‌లు మాత్రం పిప్పయిపోయాయి, అవి మార్చక తప్పలేదు.

కొత్త సామాను కొంటే పాతది అవతల పారేస్తాం. నాకు కావలసింది ఆ పాతదే. “మలుపులో చక్రం దానంతట అదే లాగేసింది” అని కోర్టులో చెప్పావు. ఎవరూ నమ్మలేదు. నేను నమ్మాను. ఆ కారు మీద చెయ్యి వేసింది మొదట్నించీ నేనొక్కణ్ణే. ఎక్కడో ఒక పగులు నా కన్నుగప్పి ఉండిపోయిందని తేలితే బాగుండుననుకున్నాను. తప్పు నాదైతే నువ్వు బయటికొస్తావు, కావాలంటే నీ చోట నేను కూర్చుంటాను. తను చేసిన పనిలో తప్పు దొరకాలని ఇంత ఆశగా వెతుక్కున్న మెకానిక్కు ఇంకొకడు ఉండడు.

ఎడమ చక్రం కింది ఆర్మ్ రెండు ముక్కలైంది కదా. పోలీసులు బండి అప్పగించిన రోజే విరిగిన చోట గ్రీజు పూసి, గుడ్డ చుట్టి దాచాను. మిగతా పనంతా అయ్యాక, ధైర్యం తెచ్చుకుని, దాన్ని కడిగి లేత్ మేస్త్రికి చూపించాను. పాత పగులైతే విరిగిన చోట లోపల నల్లటి మరక ఉంటుంది. ఆయన భూతద్దం పెట్టి చాలాసేపు చూశాడు.

“మొత్తం తెల్లగానే ఉందిరా. ఒక్క దెబ్బకి విరిగింది. ఇది విరిగి బండి గుద్దుకోలేదు, గుద్దుకున్నాకే విరిగింది.”

“ఇంకోసారి చూడు,” అన్నాను.

చూశాడు. తర్వాత నా మొహం చూసి గొంతు తగ్గించాడు. “ఉప్పునీళ్ళలో కొన్నాళ్ళు పడేస్తే పాత పగుల్లాగే ఉంటుంది. నేనన్నానని ఎక్కడా అనకు.”

చెడ్డవాడు కాదు. పిచ్చుకని భుజాన ఎక్కించుకుని బజారంతా తిప్పినవాడే. వద్దన్నాను. తల తిప్పి చూస్తే భోజనం క్యారియరు పట్టుకుని మీ అమ్మ గుమ్మంలో ఉంది.

కొన్నాళ్ళకి చూస్తే అలమరలో ఆ ముక్కలు లేవు. ఇల్లంతా వెతికాను. పెరట్లో బట్టలు నానబెట్టే బకెట్లో ఉన్నాయి, పైన తువ్వాలు కప్పి. పక్కనే పీట వేసుకుని మీ అమ్మ కూర్చుంది.

“ఇదేమిటే?”

“కనబడుతోందిగా.”

“వాడి పేరే ఎత్తడం మానేశావు. కోపమనుకున్నాను.”

“కోపం లేదని ఎవరన్నారు? చచ్చేంత ఉంది. ఇంటికొస్తే కదండీ వాణ్ణి తిట్టుకునేది, కొట్టుకునేది! ఒకత్తి ఎలాగూ రాదు. వాణ్ణయినా తెచ్చుకోనివ్వండి.”

“పిచ్చుక ఎలా పోయిందో కూడా అబద్ధం చేద్దామా?” అన్నాను.

మీ అమ్మ బకెట్టు అంచు వదల్లేదు. ఒక్కొక్క వేలే విడదీశాను. ఇన్నేళ్ళ కాపురంలో ఆ చేతి మీద బలం చూపించింది అదే మొదటిసారి. నీళ్ళు పారబోశాను. ఆ సాయంత్రమే లాయరు దగ్గరికి వెళ్ళి, సామానులో ఏ లోపమూ దొరకలేదని చెప్పి వచ్చాను.

ఇన్నాళ్ళూ నీకు రాయలేకపోయింది ఇదే. నిన్ను ఇంకా అక్కడ ఉంచినవాణ్ణి నేను. అమ్మ నన్ను తలుచుకుంటుందా అని ప్రతి ఉత్తరంలోనూ అడుగుతావు. ఎంతగా తలుచుకుంటుందో ఇప్పుడు నీకు తెలిసింది.

చక్రం లాగలేదు అబ్బాయీ. నువ్వు స్పీడుగా వెళ్ళావు. కావాలని అబద్ధమాడావని నేననను, అలా నమ్మకపోతే నీకు ఊపిరి ఆడి ఉండదు. కానీ ఇక ఆ మాట అనకు. మొయ్యలేకపోతే నాకు రాయి, నేనున్నాను.

కారుకి అదే మోడలు తుక్కు బండిలోంచి ఎడమ ఆర్మ్ తెచ్చి బిగించాను. నాలుగు చక్రాల మీదా నిలబడింది. నేను నడపను. పని నేర్పే బడివాళ్ళు పిల్లలకి విప్పి చూపించడానికి అడిగారు, ఇచ్చేస్తున్నాను.

పెరట్లో ఆ గొడవైన దగ్గర్నించి మీ అమ్మ నాకు వడ్డిస్తోంది, మంచినీళ్ళు పెడుతోంది, మాట మాత్రం లేదు. నిన్న పొద్దున చొక్కాకి గుండీ కుడుతూ, తలెత్తకుండా, “ఈసారి ములాఖత్‌కి నేనూ వస్తాను,” అంది. సూది కిందపెట్టి మళ్ళీ అంది, “మలుపు దగ్గర పిచ్చుక నిద్రలో ఉందా, మెలకువగా ఉందా? వాణ్ణి ఆ ఒక్కటీ అడగాలి.”

అడుగుతుంది. జైలు జాలీ అవతల నువ్వు కూర్చోగానే అదే అడుగుతుంది. నిజంగా నిద్రలో ఉంటే అలాగే చెప్పు. లేకపోయినా అలాగే చెప్పు.

ఇట్లు,
మీ ఇద్దరి నాన్న