ఐదు చెడ్డ లెన్సులు, ఒక స్టూడియో గది

అక్టోబరు ఆరో తేదీ సోమవారం నా గుండెకు ఆపరేషన్ ఉంది. అందుకే ఈ వీలునామా ఇప్పుడే రాయాల్సి వచ్చింది. గుండెలో ఒక కవాటం సరిగా మూసుకోవడం లేదట. దాన్ని బాగుచేస్తారు. నూటికి తొంభై ఏడు మంది నడుచుకుంటూ ఇంటికి పోతారని డాక్టరమ్మ ధైర్యం చెప్పింది. మిగిలిన ముగ్గురూ వీలునామా రాసి పెట్టుకున్నారో లేదో నేను అడగలేదు.

నా పేరు సుజన. కీర్తిశేషులు మునిరామయ్య కూతురిని, ధర్మేంద్ర భార్యను. వయసు ముప్పై. తిరుచానూరులో మా అమ్మ మునెమ్మ దగ్గర ఉంటున్నాను, అక్కడే ఫోటో స్టూడియో నడుపుతున్నాను. పూర్తి తెలివితో, ఎవరి ఒత్తిడీ లేకుండా, నా చేత్తో నేనే ఇది రాస్తున్నాను. మనసు స్థిరంగా ఉందని డాక్టరు ఇచ్చిన సర్టిఫికెట్ జతచేశాను. నా భర్త కొనిచ్చిన లెన్సులతో ఆరేళ్ళు పెళ్ళిళ్ళు తీశాక కూడా స్థిరంగా ఉందంటే వేరే రుజువు అక్కరలేదని నా అభిప్రాయం.

వీలునామాలో కారణాలు రాయాల్సిన పని లేదని, ఏది ఎవరికో రాస్తే చాలని వకీలు మోహన్‌కృష్ణ గారు చెప్పారు. మా ఇంట్లో బడికి పోయిన మొదటి మనిషిని నేను. రేషన్ కార్డు దరఖాస్తు మొదలుకొని ఇంట్లో రాయాల్సిన కాగితాలన్నీ నేనే రాశాను. కారణం రాయని దరఖాస్తు వెనక్కి వస్తుందని నా అనుభవం. కాబట్టి కారణాలు కూడా రాస్తున్నాను. అమ్మకు చదవడం రాదు. ఎవరైనా గట్టిగా చదివితే ఆమెకు అర్థమయ్యేలా మామూలు మాటల్లోనే రాశాను.

అసలు సంగతి ఇది. పిల్లలు లేని ఆడమనిషి వీలునామా రాయకుండా చనిపోతే, ఆమె కష్టపడి సంపాదించుకున్న ఆస్తి మొదట భర్తకు పోతుంది. భర్త లేకపోతే భర్త తరఫు వారసులకు. వాళ్ళెవరూ లేనప్పుడే తల్లి వంతు. చట్టం అలా ఉందని వకీలు గారు పుస్తకం తెరిచి చూపించారు. నేను రెండుసార్లు చదివాను. నా స్టూడియో అమ్మకు దక్కాలంటే ఈ కాగితం ఒక్కటే దారి.

1. తిరుచానూరులో నా పేరున రిజిస్టరైన స్టూడియో గది, అందులోని కెమెరా, లైట్లు, ప్రింటరు, వెనక కట్టే తెరలు, కుర్చీలు అన్నీ నా తదనంతరం మా అమ్మ మునెమ్మకు సర్వహక్కులతో చెందాలి. ఆ గది ముందు ఇరవై రెండేళ్ళు కూర్చుని ఆమె పూలు కట్టి అమ్మింది. అప్పట్లో అది సైకిల్ రిపేరు అంగడి. లోపల కూర్చునే హక్కు ఆమెకు ఎప్పుడో వచ్చి ఉండాల్సింది. గదిని అమ్ముకుంటుందో, అద్దెకిస్తుందో, పూలబుట్టలు పెట్టుకుంటుందో ఆమె ఇష్టం. ఎవరూ సలహా చెప్పకూడదు.

ఈ చివరి వాక్యం నా భర్త అన్నగారు ఢిల్లీబాబు గారిని ఉద్దేశించి రాసింది. రెండున్నరేళ్ళ కిందట ఆయన మా స్టూడియో ముందు అడుగులు వేసి కొలిచి, నేను లోపల ఉండగానే తమ్ముడితో అన్న మాట ఇది: "ముందర పదడుగులుండాది తమ్ముడా. సెల్లు అంగడికి సరిగ్గా సరిపోతాది. ఈ కాలంలో ఫోటో దిగేదానికి అంగడికి ఎవురొస్తారు? అందరి జోబీలోనూ కెమెరా ఉండాది." ఆ మాట అంటూనే ఆయన పాస్‌పోర్ట్ ఫోటో దిగి వెళ్ళాడు.

2. పై ఢిల్లీబాబు గారికి పద్దెనిమిది నుంచి మూడు వందల మిల్లీమీటర్ల వరకు సాగే జూమ్ లెన్సు ఇస్తున్నాను. మా పనిలో లెన్సులను ఈ అంకెలతోనే పిలుస్తాం. దగ్గరిదీ దూరందీ అన్నీ ఇదొక్కటే తీస్తుందని డబ్బా మీద రాసి ఉంది. అబద్ధం కాదు, అన్నీ తీస్తుంది. దగ్గరగా తీస్తే కల్యాణ మండపం స్తంభాలు నడుం దగ్గర పొట్ట వచ్చినట్టు ఉబ్బుతాయి. దూరంగా తీస్తే పెళ్ళికూతురి ముఖం చీకటైపోతుంది. మధ్యలో తీస్తే రెండు దోషాలూ సగం సగం ఉంటాయి. అన్ని పనులూ ఒక్కదానితోనే చేయించాలని చేసినప్పుడు లెన్సు ఇలాగే తయారవుతుంది. బావగారు ఇన్సూరెన్సు, ప్లాట్లు, కోళ్ళ ఫారం, పార్టీ పని, పెళ్ళి సంబంధాలు అన్నీ చూస్తారు. ఈ లెన్సు విలువ ఆయనకే తెలుస్తుంది.

3. ముప్పై ఐదు లెన్సును పుత్తూరు గంగాధరం గారికి ఇస్తున్నాను. ఇందులో గాజుపలకలు ఒకే వరసలో లేవు. ఫ్యాక్టరీలో బిగించేటప్పుడే పక్కకు జరిగి ఉండాలి. ఫోటోలో ఎడమ సగం చక్కగా, కుడి సగం మసకగా వస్తుంది. గంగాధరం గారి మేనకోడలి పెళ్ళిలో ఆడపెళ్ళివాళ్ళు కుడివైపు నిలబడ్డారు. ఆల్బమ్ చూసి ఆయన స్టూడియోకి వచ్చి, పదిమంది వినేలా అడిగాడు: "ఏం పాపా, మగపెళ్ళోళ్ళు నీకు రెండాకులేసి పెట్టినారా బోజనం? వాళ్ళ మొగాలు అద్దం మాదిరి ఉండాయి. మా అక్కను సూడు, పొగలో నుంచి ఇప్పుడే బయటికొస్తా ఉన్నెట్టుండాది!"

న్యాయమైన ప్రశ్నే. గోడకు న్యూస్ పేపరు అతికించి ఫోటో తీసి చూశాను. ఎడమ కాలమ్ చదవొచ్చు, కుడి కాలమ్ చదవలేం. నా భర్తకు చూపిస్తే ఆయన చాలాసేపు పరిశీలించి, "పేపరోళ్ళే సరిగ్గా అచ్చేయలేదు సుజనా" అన్నాడు. తర్వాతి పెళ్ళిలో నేను కెమెరాను తలకిందులుగా పట్టుకుని తీశాను. ఈసారి మగపెళ్ళివాళ్ళు పోట్లాటకు వచ్చారు. గంగాధరం గారు తన ఇంటి ఫంక్షన్లలో ఈ లెన్సునే వాడాలని, తనకు గిట్టని బంధువులను కుడివైపు నిలబెట్టుకోవాలని కోరుతున్నాను. ఆ మసక ఫోటోలకు ఇప్పుడు రాతపూర్వకంగా క్షమాపణ చెబుతున్నాను. అప్పుడు చెప్పలేదు, ఆయన అరిచాడు కాబట్టి.

4. లోపల అద్దాలుండే ఐదు వందల మిల్లీమీటర్ల లెన్సు మా ఎదుటి టిఫిన్ అంగడి చిన్నబ్బకు. నా భర్త దీన్ని సూళ్లూరుపేట నుంచి రాకెట్ ఫోటో తీయడానికి కొన్నాడు. ఎండకు గాలి మరుగుతూ రాకెట్ నీళ్ళలో మునిగినట్టు కదిలింది. ఫోకస్ దొరికేసరికి ఆకాశంలో పొగ ఒక్కటే మిగిలింది. పొగ మాత్రం చాలా స్పష్టంగా వచ్చింది. ఈ రకం లెన్సు మధ్యలో ఒక చిన్న అద్దం వెలుతురుకు అడ్డంగా ఉంటుంది. అందువల్ల వెనకాల ఉండే ప్రతి దీపమూ మధ్యలో చిల్లున్న చక్రంలా పడుతుంది. తెప్పోత్సవం తీసి ఫోటో చూపిస్తే చిన్నబ్బ అన్నాడు: "సుజనమ్మా, అమ్మవారు తెప్పలో పోతా ఉంటే సుట్టూరా నా వడలు తేలతా ఉండాయేందిమ్మా?" ఆ ఫోటో కావాలని అడిగి తీసుకుని, ఫ్రేము కట్టించి గల్లాపెట్టె వెనక పెట్టుకున్నాడు. ఈ లెన్సును ఇష్టపడిన మనిషి నాకు తెలిసి ఆయనొక్కడే.

5. యాభై లెన్సు అమ్మకు. నా భర్త కొన్నవాటిలో మంచిది ఇదొక్కటే. పెళ్ళయిన నెలకు కొన్నాడు. ఆయన రివ్యూలు చదివి ఎంచుకున్నది వేరే, అంగట్లో స్టాకు లేక ఇది ఇచ్చారు. ఆయుధపూజ రోజు అమ్మ కెమెరాకు గంధం పూసి బొట్లు పెట్టింది. సరిగ్గా గాజు మీదే పెట్టింది. పూజ అయ్యాక పూలబుట్ట తుడిచే గుడ్డతో గట్టిగా తుడిచింది. నేను కేకలేస్తే ఆమె జవాబు: "కెమెరాకు మొగం అదే గదా మే. బొట్టు మొగానికి పెట్టకుండా వీపుకు పెడతారా?" కుంకుమ రవ్వలతో పడిన గీతలు మూడున్నాయి, గంధం నూనె అంచుల్లోకి దిగింది. గాజు మీది గీత ఫోటోలో గీతగా కనిపించదు. దీపం ఎదురుగా ఉన్నప్పుడు బొమ్మంతా పలచని పాలు పోసినట్టు అవుతుంది, అంతే. నేను ఆ రోజు అమ్మతో రాత్రి అన్నం దాకా మాట్లాడలేదు. ఇప్పుడు తలచుకుంటే, నా పనిని పూజ చేయదగినదిగా చూసిన మొదటి మనిషి ఆమె. ఈ లెన్సును ఎవరూ శుభ్రం చేయించకూడదు. ఏటా బొట్టు పెట్టుకునే హక్కు అమ్మది, గాజు మీద కూడా.

6. ఎనభై ఐదు లెన్సు నా భర్త ధర్మేంద్రకు. ఆయన సూళ్లూరుపేట దగ్గరి ఒక ఫ్యాక్టరీలో సామాన్ల క్వాలిటీ చూస్తాడు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా భూతద్దం పెట్టి, వెంట్రుకంత గీత ఉన్నా తీసి పక్కన పడేస్తాడు. ఆ చూపును మాత్రం ఫ్యాక్టరీలోనే వదిలేసి ఇంటికి వచ్చేవాడు. లెన్సు గురించి ఎవరు ఏం రాసినా నమ్మాడు, అంగడివాడు ఏం చెప్పినా నమ్మాడు. ఒకటి నిరాశపరిస్తే తర్వాతిది బాగుంటుందనుకున్నాడు. ఈ ఎనభై ఐదు నిజంగానే గొప్పది. అందుకని వాడనివ్వలేదు. "మంచిదాన్ని ఊరికే వాడేయగూడదు సుజనా, పెద్ద ఆర్డరు రానీ" అని బీరువాలో పట్టుచీరల మధ్య పెట్టాడు. రెండు వానాకాలాలు దాటాక తీసి చూస్తే లోపల సాలెగూడులా బూజు.

ఈ లెన్సును రోజూ పొద్దుటి ఎండలో గంటసేపు, రెండు మూతలూ తీసి పెట్టాలి. బూజు చస్తుంది. అది గాజును తిన్న గుర్తులు పోవు, అయినా ఫోటో వస్తుంది. నేను తీసి చూశాను. దీన్ని కొత్తదానిలా ఉందని చెప్పి ఎవరికీ అమ్మకూడదు. వాడాలి.

మేమిద్దరం విడిగా ఉండబట్టి రెండేళ్ళ ఏడు నెలలైంది. ఆయన నన్ను కొట్టలేదు, తిట్టలేదు. వాళ్ళన్న గది కొలిచిన రోజు, "అన్న చెప్తా ఉండాడు గదా, ఒకసారి ఆలోచించరాదా?" అన్నాడు. నేను ఆలోచించి అమ్మ దగ్గరికి వచ్చేశాను. ఇప్పటికీ వారానికోసారి ఏదో ఒక లెన్సు రివ్యూ నా ఫోన్‌కి పంపుతాడు. ఎలా ఉన్నావని అడగడం ఆయనకు చేతకాక అలా అడుగుతున్నాడని నాకు తెలుసు. నా ఆపరేషన్ సంగతి ఆయనకు ఈ కాగితంతోనే తెలుస్తుంది.

7. స్టూడియో టేబులు కింది సొరుగులో జనం తీసుకుపోని పాస్‌పోర్ట్ ఫోటోలు నాలుగు వందల దాకా ఉన్నాయి. వాటిని పారేయకూడదు. ఎప్పుడైనా ఎవరైనా వస్తే వెతికి ఇవ్వాలి.

8. ఈ వీలునామాను అమలు చేసే ఎగ్జిక్యూటరుగా నా భర్త ధర్మేంద్రనే నియమిస్తున్నాను. ఇది చదివి వకీలు గారు కళ్ళజోడు తీశారు. "చదువుకున్నదానివి, ఎదుటి పార్టీనే ఎగ్జిక్యూటరుగా పెడతావామ్మా?" అన్నారు. ఎదుటి పార్టీ కాదు సార్, నా భర్తే, అన్నాను.

నా కారణాలు ఇవి. ఈ వీలునామా చెల్లదని కోర్టుకు పోగలిగిన మనిషి ఆయనొక్కడే. ఆయనే దీన్ని అమలు చేస్తానని సంతకం పెడితే ఆయన వెనక నిలబడి ఎవరూ నోరెత్తలేరు. రెండోది, తనది కాని వస్తువును ఆయన ఎన్నడూ ముట్టలేదు. చేతికి జాబితా ఇస్తే ఒక్కటి తప్పకుండా చేస్తాడు. ఆయనకు ఉన్నది ఒకే లోపం, ఎవరితోనూ కాదని చెప్పలేడు. ఈ పనిలో ఆయన కాదని చెప్పాల్సింది ఒక్కరోజు, ఒక్క మనిషికి, వాళ్ళన్నకు. ఆయన ఆ పని చేయగలడో లేదో నాకు తెలియదు. చేయగలడని తెలిసి ఉంటే నేను ఆ రోజు సంచి సర్దుకునేదాన్ని కాదు.

దీనికి ముందు నేను ఏ వీలునామా రాయలేదు. మొత్తం అమ్మకు చదివి వినిపించాను. అంతా విని, "రాసింది బాగుండాది. ఆస్పత్రి నుంచి వచ్చినాక నువ్వే చింపి పొయ్యిలో పెట్టు మే" అంది. ఆ హక్కు చట్టప్రకారం నాకు ఉంది.

సాక్షులకు వీలునామాలో ఏమీ రాకూడదట. ఈ సంగతి తెలిశాకే ఫ్లెక్సీ ప్రింటింగ్ వరదయ్య సంతకానికి ఒప్పుకున్నాడు. తన పేరున కూడా ఒక లెన్సు రాశానేమోనని అంతకుముందు రెండు రోజులు మా వైపు రాలేదు.

తిరుచానూరు
2025 సెప్టెంబరు 14, ఆదివారం

సంతకం: ఎం. సుజన

మా ఇద్దరి ఎదుట సుజన సంతకం చేయగా చూసి, ఆమె ఎదుట మేమూ సంతకాలు చేశాము:
1. వరదయ్య, ఫ్లెక్సీ ప్రింటింగ్, తిరుచానూరు
2. పంకజాక్షి, రిటైరైన ప్రాథమిక పాఠశాల టీచరు, సుజనకు అక్షరాలు నేర్పినది

ధర్మేంద్ర గారికి, స్పీడ్ పోస్టులో నకలుతో:

ఎనిమిదో అంశం మీ గురించి. మీ అన్నగారిని అడగకుండా, మీరే చదివి, ఒప్పుకుంటున్నారో లేదో సెప్టెంబరు 28 ఆదివారం లోపల రాసి సంతకం పెట్టి పంపండి. అవునైనా కాదైనా ఒక్క మాట చాలు. కాదంటే ఇంకొకరిని వెతుక్కోవడానికి నాకు ఏడు రోజులుంటాయి. అవునంటే, ఆ ఏడు రోజులూ నేను ఊరికే ఉంటాను.