నాకిది చాలన్న కోడలు

కొడుకా శ్రీశైలం,

నువ్వు చదవవని తెలిసినా, సంతోషం పట్టలేక రాస్తున్నాను. నీ భార్య సుజాత మన ఇంటి కింది గదిలో ఈ రోజే టిఫిన్ సెంటర్ తెరిచింది! బోణీ నేనే చేశాను. అబ్బ, ఏం ఇడ్లీలురా! ఎయిర్‌పోర్టు ట్యాక్సీ డ్రైవర్లు పదికల్లా గిన్నెలన్నీ ఖాళీ చేశారు.

పక్కింటి మల్లయ్య ఊరుకుంటాడా? "ఆరాంఘర్ చౌరస్తల గూడ ఇంకొకటి తెరువరాదు బిడ్డా?" అన్నాడు.

"నాకిది సాలు కాకా," అంది సుజాత.

ఆ మాట నీ నోట ఒక్కసారైనా వినలేదు. శంషాబాద్‌లో అందరికంటే ఎత్తైన ఇల్లు కావాలన్నావు. విమానాలు దిగేచోట అంత ఎత్తు కట్టనివ్వరని చెబితే నన్నే కసిరావు. "నీకేం ఎరుక బాపూ? జిందగీ అంత గిట్లనే బతుకుమంటవా?" అన్నావు. మాట వినకుండా కట్టావు, అధికారులొచ్చి పై రెండు అంతస్తులూ కూలగొట్టించారు. ఆ దిగులుతో మంచం పట్టి నువ్వు మళ్లీ లేవలేదు. అప్పుడే సుజాత టిఫిన్లు అమ్ముతానంటే, పరువు పోతుందని నోరు మూయించావు.

ఇప్పుడు రేపటి పిండి రుబ్బుతూ పాట పాడుతోంది. పెళ్లై వచ్చిన ఇన్నేళ్లలో ఆమెకు పాట వచ్చని నాకు తెలియదు. నీకు తెలుసా, బిడ్డా?

మీ బాపు