మూతలో తలంబ్రాలు

జూలై 7, సోమవారం
భార్గవి అత్తగారింటికి, పులివెందులకు పంపే ముందు ఒకసారి చూద్దామని, నేను చేసిన ఆమె పెళ్లి ఆల్బమ్ పెట్టె తీశాను. ఆమె పట్టుచీర రంగు వెల్వెట్, ఇద్దరి పేర్లూ బంగారు రంగులో… అన్నీ బాగున్నాయి. మూతలో గాజు కింద ముక్కు పురుగులు. తలంబ్రాల మధ్య తీరుబడిగా తిరుగుతున్నాయి.
మూతలో చిన్న అర చేసి, పెళ్లి తలంబ్రాలు పోసి, గాజు బిగిద్దామన్నది నేనే. ఎవరూ అడగలేదు. ప్రొద్దుటూరు మొత్తంలో ఇలాంటి పెట్టె ఎవరూ చెయ్యరని మురిసిపోయాను కూడా. పసుపు తడి ఆరిందో లేదో చూసుకోలేదు. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

జూలై 8
ఆ పెళ్లి ఫొటోలు తీసిన మా అన్న, కెమెరా బ్యాగు సర్దుకుంటూ — "పసుపు బియ్యమే గదమ్మే. మనింట్లోవి కలిపి పొయ్యి. ఎవురికి తెలుస్తాది?"
ఎవరికీ తెలియదు. అదే నా బాధ.
అవి భార్గవి వాళ్ల అవ్వ కలిపిన తలంబ్రాలు. పెళ్లయిన ఇరవై రోజులకే ఆ అవ్వ పోయింది. తలంబ్రాల పొట్లం నా చేతిలో పెడుతూ భార్గవి — "అవ్వ చెయ్యి పడిన బియ్యమక్కా, జాగర్త."
జాగ్రత్త!

జూలై 9
ఫోన్ చేసి చెప్పాలి. చెప్పలేదు.

జూలై 10
అమ్మ జల్లించి పెట్టింది. "పురుగు పోతే బియ్యం బియ్యమేలే. ఎండలో పెట్టు." పెట్టాను. గట్టిగా మిగిలినవి పిడికెడు లేవు. మిగతావి వేలితో నొక్కితే పిండి.
తలంబ్రాల్లో పురుగని తెలిస్తే భార్గవి అత్త అపశకునం అనదా? మాట కొత్త కోడలి మీద పడదా? అందుకే చెప్పడం లేదు… అందుకేనా? నా పేరు పోతుందనా? ఏమో.

జూలై 13
మన బియ్యం, మన పసుపు. రెండు రోజులు ఆరబెట్టి, మిగిలిన గట్టి గింజల్లో కలిపేశాను. కలిపిన మరుక్షణం వెతికాను, అవ్వవి ఏవి అని. ఒక్క గింజ కూడా గుర్తుపట్టలేకపోయాను. ఏడుపొచ్చింది.
జల్లెడలో రాలిన పసుపు పిండి పారెయ్యలేక కాగితంలో పొట్లం కట్టి బీరువాలో పెట్టాను. ఎందుకో.

జూలై 16
పులివెందుల. పెట్టె ఇచ్చాను. భార్గవి ఫొటోలే తిప్పలేదు. గాజు మీద వేళ్లు ఆనించి కూర్చుంది. "శానా బాగ చేసినావక్కా." వాళ్ల అత్త కూడా మెచ్చుకుంది. కాఫీ సగంలోనే వదిలేసి, బస్సుకు వేళయిందని లేచాను.

జూలై 17
మంచి పనే చేశాను. పిల్ల సంతోషంగా ఉంది.

జూలై 18
కాదు.

ఆగస్టు 11, సోమవారం
భార్గవి ఫోన్, జమ్మలమడుగులో పుట్టింటి నుంచి. "మా చెల్లెలి పెండ్లి గురువారమక్కా. అవ్వ లేదు గదా… పెట్టెలోవి కొన్ని తీసి దీని తలంబ్రాల్లో కలుపుదామనుకుంటాండా. పెట్టె ఈడికే తెచ్చినా. నువ్వొచ్చి గాజు తీసియ్యి. యాడ ఏముందో నీకే తెలుసు."
వస్తానన్నాను. నోరెలా వచ్చిందో.

ఆగస్టు 12
"పెండ్లయినాక చెప్పు" అంటుంది అమ్మ. అన్న అసలు చెప్పొద్దంటాడు. పెళ్లయ్యాక చెబితే ఇద్దరు అక్కచెల్లెళ్లనూ మోసం చేసినట్టు. ముందే చెబితే పెళ్లింట్లో ఏడుపు. చెప్పకపోతే… చెప్పకపోతే ఏమీ కాదు. అదే భయంగా ఉంది.

ఆగస్టు 13, బుధవారం
బస్సులో రాస్తున్నాను, అక్షరాలు వంకర. సంచిలో స్క్రూడ్రైవర్. పక్కనే ఆ పసుపు పిండి పొట్లం. గాజు తియ్యడానికి స్క్రూడ్రైవర్ చాలు… పొట్లం ఎందుకు తెచ్చాను? వేరేవి కలవకుండా అవ్వ చేతిదంటూ మిగిలింది ఈ పిండే. పురుగు తిన్న పిండిని పెళ్లికి ఎలా ఇస్తాను? ఇవ్వకుండా ఎలా ఉంటాను?
భార్గవి మెసేజ్ — "పెట్టె ముందర పెట్టుకోని కూచోనుండాం, చెల్లీ నేనూ. నువ్వొచ్చినాకే తెరుస్తాం."
జమ్మలమడుగు వచ్చేసింది.